గుమ్మం దాటిన జాకెట్టు గుడ్డ

చీరకు జాకెట్టు గుడ్డ వెతికేవాళ్లు మ్యాచింగ్ సెంటర్ ట్యూబ్‌లైటును ఓ పట్టాన నమ్మరు. రెండూ పట్టుకుని గుమ్మం దాటి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తారు.

అద్దకం మిల్లుల్లో ఈ పని స్పెక్ట్రోఫోటోమీటర్‌ది. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పదేసి చొప్పున 31 చోట్ల గుడ్డ ఎంత వెలుగును వెనక్కి పంపుతోందో కొలుస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మూడు అంకెలకు కుదిస్తుంది: ఒకటి తెలుపు-నలుపు, ఒకటి ఎరుపు-ఆకుపచ్చ, ఒకటి పసుపు-నీలం. 1976లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఖరారు చేసిన కొలమానమిది. రెండు నమూనాల మధ్య దూరమే డెల్టా-ఈ.

చిక్కటి రంగుల దగ్గర ఆ పాత సూత్రం తేడాను పెద్దది చేసి చూపేది. అందుకే తర్వాత సీఐఈడీఈ 2000 అనే కొత్త సూత్రం వచ్చింది.

అదే సాఫ్ట్‌వేర్‌లో పగటి వెలుగు తీసేసి బల్బు వెలుగు ఎంచుకుంటే, అప్పటిదాకా కలిసిన జంట ఒక్కోసారి విడిపోతుంది. గుమ్మం దాటేవాళ్ల అనుమానమూ అదే.