‘కొంచెమే కదా నాన్నా, తిను’

టీచర్‌గా నాకు అది మొదటి సంవత్సరం. బీఈడీ అవగానే ఒక స్కూల్లో చేరాను, మూడో తరగతి ఇచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం మా క్లాసులో ఒక పాప పుట్టినరోజు. వాళ్ళ నాన్నగారు కేక్ పంపించారు. పిల్లలంతా పాట పాడి చప్పట్లు కొట్టారు. నేను ముక్కలు కోసి పేపర్ ప్లేట్లలో పెట్టి ఇస్తున్నాను. రెండో బెంచీలో ఒక బాబు మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని “నాకొద్దు మిస్” అన్నాడు.

“మీ ఇంట్లో గుడ్డు తినరా నాన్నా?” అని అడిగాను.

“ఇంట్లో అందరూ తింటారు మిస్. నేనే తినను.”

ఏదో మారాం చేస్తున్నాడనుకున్నాను. “కొంచెమే కదా నాన్నా, తిను. ఫ్రెండ్ ఫీలవుతుంది” అన్నాను. పాపం, తిన్నాడు.

కాసేపటికే మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. చూస్తే ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, పెదవి వాచింది. వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సమయానికి మందు పడింది. సాయంత్రానికి తేరుకున్నాడు. ఆ మధ్యలో ఆసుపత్రి వరండాలో నేను కూర్చున్న గంట మాత్రం ఈ రోజుకీ మర్చిపోలేను.

వాళ్ళమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “మిస్ తినమంటే ఎలా కాదంటానమ్మా, అన్నాడండీ” అన్నారంతే. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. అదే వారం ఇంగ్లిష్ పీరియడ్‌లో నేనే ఆ పిల్లలకు “నో, థాంక్యూ” అని మర్యాదగా చెప్పడం నేర్పించాను. వాడు చెప్పాడు. వినాల్సిన నేనే వినలేదు.

గుడ్డు తినకపోవడం అంటే శాకాహారమో, శనివారమో, మాలధారణో అని మాత్రమే అప్పటిదాకా నాకు తెలుసు. గుడ్డు అలర్జీ అనేది చిన్నపిల్లల్లో తరచుగా కనిపించేదేనని, చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుందని, తగ్గేదాకా మాత్రం ‘కొంచెం’ కూడా కొంచెం కాదని డాక్టరుగారు చెబితేనే తెలిసింది.

రెండు నెలల్లో ఆ బాబు పుట్టినరోజు. వాడు భయం లేకుండా తినే కేక్ నేనే చేసి తీసుకెళ్ళాలనుకున్నాను. వాళ్ళమ్మగారిని అడిగితే “పాలు, పెరుగు, మైదా అన్నీ పడతాయండీ, గుడ్డు ఒక్కటే పడదు” అన్నారు. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి చేయడమే. మొదటిసారి మామూలు కేక్ కొలతల్లోంచి గుడ్లు తీసేసి, బదులుగా పాలు పోశాను. ఇటుకలా వచ్చింది. రెండోసారి పొంగాలని సోడా ఎక్కువ వేశాను. సబ్బు రుచి వచ్చింది.

అమ్మ జీవితంలో కేక్ చేసి ఎరగదు. నా అవస్థ చూసి, “అసలు గుడ్డు దేనికేస్తారే అందులో?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అప్పుడు కూర్చుని చదివాను. గుడ్డు చేసేది ఒక్క పని కాదు. పిండిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది, గాలిని పట్టి పొంగిస్తుంది, తేమనిస్తుంది. నేను చదివింది చెబితే అమ్మ నవ్వింది. “గారెల పిండి గిలక్కొట్టి నీళ్ళలో వేసి తేలుతుందా లేదా అని చూసేది ఎందుకనుకున్నావ్? గాలి పట్టిందా లేదా అనే. కట్లెట్ విరిగిపోతుంటే శనగపిండి కలిపేది పట్టు కోసమే” అంది. గుడ్డు లేకుండా ఈ పనులన్నీ మన వంటింట్లో ఎప్పట్నుంచో జరుగుతూనే ఉన్నాయి.

ఏ పనికి ఏది వాడాలో తెలిస్తే మిగతాదంతా సులువే. కేక్ పొంగాలంటే పెరుగు, వంటసోడా కలవాలి. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బుడగలు తెస్తుంది. బిస్కెట్లు, మఫిన్లలో పట్టు కోసం ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే జిగురుగా అవుతుంది. అది ఒక గుడ్డుకు సమానం. తేమకు బాగా పండిన అరటిపండు మెత్తగా మెదిపి పావు కప్పు వేయొచ్చు, కాకపోతే అరటిపండు రుచి తెలుస్తుంది. ఒకటి రెండు గుడ్లు పడే వంటకాల్లో ఇవి బాగా కుదురుతాయి. మూడు నాలుగు గుడ్లు పడేవాటికి బదులు వెతకడం కన్నా, మొదటినుంచీ గుడ్డు లేకుండా రాసిన కొలతలు తీసుకోవడం మంచిది.

చివరికి నాకు కుదిరిన కొలత ఇది. ఒక కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అర టీ స్పూన్ వంటసోడా, ఒకటింపావు టీ స్పూన్ బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేయాలి. నురగ వస్తుంది. అందులో అర కప్పు వాసన లేని నూనె, ఒక టీ స్పూన్ వెనిలా ఎసెన్స్, జల్లించిన ఒకటిన్నర కప్పుల మైదా కలపాలి. ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది. ముందే వేడెక్కిన కుక్కర్‌లో సన్న మంట మీద నలభై నిమిషాలు ఉంచి, పుల్ల గుచ్చి చూడాలి.

చదువుతుండగా ఇంకో సంగతి తెలిసింది. మనం ఫ్రూట్ సలాడ్‌లోకి వాడే కస్టర్డ్ పౌడర్‌ని 1837లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్ తయారుచేశారు. ఆయన భార్యకు గుడ్లు పడేవి కావు. అందుకే మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చేశారట. ఇంట్లో ఒక్కరి కోసం చేసింది ఇప్పుడు అందరూ తింటున్నారు.

పుట్టినరోజు నాడు కేక్ తీసుకెళ్ళాను. బాబు ప్లేటు పట్టుకుని నావైపు చూసి “మిస్, ఇందులో ఏమేం ఉన్నాయి?” అని అడిగాడు. నేను ఒక్కొక్కటీ చెప్పాను. అంతా విని, తల ఊపి, అప్పుడు తిన్నాడు. వాడలా అడిగినందుకు నాకు కేక్ కుదిరినదాని కన్నా ఎక్కువ సంతోషమేసింది.

తల్లిదండ్రులకు నాదొక చిన్న మనవి. మీ పిల్లలకు ఏదైనా పడకపోతే అడ్మిషన్ ఫారంలో రాసి ఊరుకోకండి, ప్రతి ఏడాదీ క్లాస్ టీచర్‌కి డైరీలో రాసి పంపండి. పుట్టినరోజుకు ఏం పంపుతున్నారో ఒకరోజు ముందు చెప్పండి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే గుడ్డు వేయలేదని అర్థం. కానీ పాలు ఉండొచ్చు, అందుకని పాలు పడని పిల్లలకు అది చాలదు. వెనక అలర్జీ వివరాల దగ్గర రాసినది కూడా చదవండి. ఏదైనా తిన్నాక దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా “వద్దు మిస్” అంటే ఎందుకని అడుగుతాను. ‘కొంచెమే కదా’ అని మాత్రం అనను.