జాలారు పక్కన జానెడు మట్టి

ఇల్లు కట్టడం పూర్తయి, రంగులు వేయించి, ఇక గృహప్రవేశమే తరువాయి అనుకునే రోజుల్లో మన వాళ్ళు చేసే ఆఖరి పని ఒకటుంది. గోడ అంచు నుంచి ప్రహరీ దాకా మిగిలిన కాస్త నేల మీద సిమెంటు పోయించడమో, తాండూరు బండలో షాబాదు బండలో పరిపించడమో చేస్తారు. ఇక బురద ఉండదు, గడ్డి మొలవదు, పురుగూ పుట్రా రాదు అని ఇంటిల్లిపాదీ తృప్తి పడతారు. మా నారాయణపేట పాత గల్లీల్లో ఎలాగూ చోటు లేదు, వాటి సంగతి వదిలేద్దాం. కొత్తగా లేచిన కాలనీల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చోటు ఉండి కూడా ఇదే పని. నా కోపమంతా ఆ చివరి తట్ట సిమెంటు మీదే. ఇంటికి వంటిల్లు ఎంత అవసరమో పెరడూ అంతే అవసరమని నేను నమ్ముతాను. డబ్బు మిగులుతుందనో, పొద్దు పోతుందనో కాదు. ఇంట్లోంచి రోజూ బయటికి పోయే వాడిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద, ముదిరిన కాయలోని గింజ, ఇవన్నీ మళ్ళీ కంచంలోకి రావడానికి మట్టి తప్ప వేరే దారి లేదు. ఆ మట్టిని మూసేస్తే అవన్నీ ఒక్కసారిగా చెత్త అయిపోతాయి. అంతవరకూ అవి చెత్త కావు.

మా దిక్కున ఈ మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న నీళ్ళది. అది అడగవలసిన ప్రశ్నే. పాలమూరుకు పడమటి కొస ఇది. ఎక్కువ భాగం చెలకలు, మధ్య మధ్య నల్లరేగళ్ళు, నమ్మలేని వాన. ఎత్తిపోతల కోసం ఏళ్ళ తరబడి కొట్లాడి, 2014లో జీవో 69 తెచ్చుకుని, ఆ తర్వాత దాదాపు పదేళ్ళు ఎదురుచూసి, 2024 ఫిబ్రవరిలో కోస్గిలో నారాయణపేట–కొడంగల్ పథకానికి శంకుస్థాపన చూసిన నేల. ఇక్కడ బీరతీగకు నీళ్ళెక్కడివి అంటే తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ లెక్క వేసి చూద్దాం. మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇవ్వాలన్నది నిర్ణయం. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లు. తాగినవీ వండినవీ ఎంత? కొద్దిగానే. మిగతావన్నీ స్నానానికి, బట్టలకు, బోళ్ళు తోమడానికి వాడుకోగా జాలారు వెంబడి బయటికి పోయేవే. మొత్తంలో సగమే మొక్కలకు పనికొస్తాయనుకున్నా 250 లీటర్లు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే సరిగ్గా ఒక లీటరు అవుతుంది. కూరగాయ మడికి మామూలు రోజుల్లో 5 మిల్లీమీటర్లు చాలు. ఆ లెక్కన 250 లీటర్లు 50 చదరపు మీటర్లకు, అంటే దగ్గర దగ్గర 60 గజాలకు సరిపోతాయి. వైశాఖం ఎండలకు 8 మిల్లీమీటర్లు అడిగినా 35 గజాలకు పైగా తడుస్తుంది. 100 లీటర్లూ నల్లాలో రావు, సగమే వస్తాయి అంటారా? అప్పుడు మడినీ సగం చేసుకుందాం, 30 గజాలు. ఇక వాన సంగతి. ఏడాది మొత్తంలో 500 మిల్లీమీటర్లే పడ్డా, 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది 50,000 లీటర్లు. ప్రాజెక్టు నీళ్ళ కోసం ధర్నాలు చేసిన మనం, మన గడప కిందుగా పోయే ఈ నీళ్ళను ఒక్క ప్రశ్నా అడగకుండా సీసీ మోరీలోకి వదిలేస్తున్నాం. మోరీలోకి వెళ్ళాక అవి దోమలకు తప్ప ఎవరికీ కావు.

సబ్బు నీళ్ళు మొక్కలకు మంచివా అని ఇంకొకరు అడుగుతారు. అన్ని నీళ్ళూ ఒకటి కావు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు నేరుగా ఆకుకూర మడికే పోయవచ్చు. స్నానం నీళ్ళు ఇసుకా కంకరా నింపిన చిన్న గుంటలోంచి పారితే తీగలకు, చెట్లకు ఇబ్బంది లేదు. బట్టల సోడా నీళ్ళు మాత్రం కూరమడికి వద్దు. అవి మట్టిని చౌడు చేస్తాయి. జాలారు బయటికి తెరుచుకునే చోట అరటి పిలకో, చేమదుంపో పెట్టే అలవాటు వెనక ఈ తెలివే ఉంది. నీళ్ళు ఎక్కువైనా ఓర్చుకునేవి, అందులో కలిసిన పదార్థాన్ని పీల్చుకునేవి ముందు. ఆ తర్వాత నిమ్మ, మునగ. దూరంగా, మంచి నీళ్ళు పోసే చోట పాలకూర, కొత్తిమీర. ఎవరూ పుస్తకం చదివి వేసిన వరస కాదది. ఇంకుడు గుంత తవ్వమని సర్కారు ఊరూరా చెబుతోంది, మంచిదే. కానీ అరటి మొదలు కూడా ఇంకుడు గుంతే. పైగా అది గెల వేస్తుంది.

అసలు ఈ కూరంతా ఎందుకు అన్న దగ్గరికి వద్దాం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెప్పింది. అందులో 100 గ్రాములు ఆకుకూరే ఉండాలంది. ఐదుగురికి అరకిలో ఆకు, ప్రతిరోజూ! వారానికో రోజు అంగడి జరిగే ఊళ్ళో ఇది కుదిరే పనేనా? గడ్డలు, ఉల్లిగడ్డలు, గుమ్మడి వారమంతా నిలుస్తాయి. ఆకు నిలవదు. తెల్లారి కోసి, కట్ట కట్టి, గోనెలో కుక్కి, దారి పొడుగునా నీళ్ళు చల్లుతూ తెచ్చిన తోటకూర సాయంత్రానికి రంగులో తోటకూరే గానీ, దానిలోని సి విటమిన్ అప్పటికే కొంత పోయి ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి, ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. పెరట్లో నాలుగు మొక్కలతో ఇది తీరిపోతుందని నేను అనను. ఆకుకూరలో ఇనుము ఉన్నా ఒంటికి అంత సులువుగా పట్టదు. సి విటమిన్ తోడైతే మెరుగ్గా పడుతుంది. అందుకే మునగాకు పక్కన నిమ్మచెట్టు ఉండాలంటాను. జొన్నరొట్టె, దాని మీద పుంటికూర పప్పు, పక్కన పచ్చి ఉల్లిగడ్డ, పైన పిండిన నిమ్మచెక్క. మా తిండి ఎవరూ దిద్దనక్కర్లేనంత బాగుండేది, ఇప్పటికీ బాగుంటుంది. ఈ పుంటికూరనే కోస్తావాళ్ళు గోంగూర అంటారు. సరిహద్దు దాటి యాదగిరి, రాయచూరు వైపు వెళ్తే అది పుండి పల్య. మన బీరకాయ వాళ్ళకు హీరెకాయి. నారాయణపేట బజార్లో తెలుగూ కన్నడమూ కలిసి బేరమాడతాయి గనుక ఈ పేర్లన్నీ ఇక్కడివాళ్ళ చెవులకు అలవాటే. భాషలకు సరిహద్దు గీసిన వాళ్ళెవరూ పుంటికూరకు గీయలేకపోయారు.

పది రూపాయలకు కట్ట దొరుకుతుంటే నడుం వంచి ఈ చాకిరీ ఏమిటి, కూలికి పోతే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది కదా అంటారు. రూపాయల లెక్కలో ఈ వాదనే గెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మనం కొనని కూర లెక్క ఎవరు వేశారు? చేతిలో డబ్బు తగ్గిన వారం మొదట మానేసేది ఆకుకూరే. బియ్యం మానరు, నూనె మానరు. పెరట్లో ఉన్న కూర మాత్రం చేతిలో డబ్బున్నా లేకున్నా పొయ్యి మీదికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఇళ్ళ పెరళ్ళల్లో, ఖాళీ జాగాల్లో సుమారు 2 కోట్ల కూరగాయల తోటలు వేశారు. ఆ దేశం తిన్న తాజా కూరల్లో దాదాపు 40 శాతం వాటి నుంచే వచ్చిందని అప్పటి అంచనా. అంత సంపన్న దేశమే కష్టకాలంలో పెరడు వైపు చూసింది. యుద్ధం ముగిశాక అవే పెరళ్ళు మళ్ళీ పచ్చిక మైదానాలైపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇక స్వయంసమృద్ధి అన్న పెద్ద మాట ఉంది. ఒక్క ఇల్లు తనకు తాను చాలుతుందని నేను నమ్మను. ఉప్పు కొనాలి, నూనె కొనాలి, పప్పు చేనులోంచి రావాలి. పెరట్లో బీర కాసినప్పుడు ఒకేసారి కాస్తుంది. మూడు రోజులు తిన్నాక నాలుగో రోజు గోడ మీదుగా పక్కింటికి ఇవ్వక తప్పదు. వాళ్ళింటి కల్యామాకు ఇటు వస్తుంది, మనింటి కాకర అటు పోతుంది. చాలినంత కలిగి ఉండడం ఇంటికి సాధ్యం కాదు, వాడకు సాధ్యమవుతుంది. నాకు ఆ మాత్రం సమృద్ధి చాలు.

సులువుగా జవాబు చెప్పలేని అభ్యంతరాలూ ఉన్నాయి. కోతులు. తెలంగాణ పల్లెల్లో పెరడు పాడుపడడానికి సిమెంటు తర్వాత పెద్ద కారణం ఇవే. జామ పిందె పడనివ్వవు, బీర పూత నిలవనివ్వవు. కోతులను పట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రాన్ని 2020 డిసెంబరులో నిర్మల్‌లో తెరిచారు గానీ, నిర్మల్ ఎక్కడ, నారాయణపేట ఎక్కడ! కాకర, పుంటికూర, కల్యామాకు లాంటివి కోతులకు అంతగా రుచించవు, వాటిని బయట వేసుకోవచ్చు. మిగతావి వల కప్పి కాపాడుకోవాలి. పండ్ల చెట్ల విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. రెండోది ఇంకా బరువైన ప్రశ్న. పెరడు అనగానే అది ఆడవాళ్ళ పని అయిపోతుంది. తెల్లవారి నీళ్ళు పట్టి, వంట చేసి, చేనుకో కండెలు చుట్టడానికో పోయే మనిషి మీద ఇంకో మడి బరువు వేయడం న్యాయమేనా? కాదు. మగ్గం గుంటలో పొద్దంతా కాళ్ళు ఆడించిన మగవాడికి సాయంత్రం ఆ నడుమును కాస్త మట్టిలో వంచితే హాయి. పాదు తీయడం, పందిరి గుంజ పాతడం, కాలువ మళ్ళించడం అతను చేయవలసిన పనులు. కూర కోసుకోవడం ఒక్కటే ఆమెకు మిగలాలి. మూడోది వలస. మద్దూరు, కోస్గి, దామరగిద్ద వైపు పంటలు ఇంటికి చేరగానే బొంబాయికో పుణెకో పోయే కుటుంబాలున్నాయి. తాళం వేసిన ఇంట్లో మడి ఎవరు తడుపుతారు? ఎవరూ తడపరు. కానీ చాలా ఇళ్ళకు తాళం పడదు. ముసలివాళ్ళు, పిల్లలు ఉండిపోతారు. పంపిన డబ్బు నెలాఖరుకు వస్తుంది, ఆకలి రోజూ వేస్తుంది. పెరటి అవసరం అందరికన్నా ఆ ఇంటికే ఎక్కువ. బలం లేని చేతులతో కూడా కోసుకోగలిగింది మునగాకు.

విత్తనం మాట చెప్పకపోతే ఈ వాదన సగంలోనే ఉన్నట్టు. ప్యాకెట్లో వచ్చే హైబ్రిడ్ గింజ బాగానే కాస్తుంది, కానీ దాని గింజ దాచి మళ్ళీ వేస్తే తల్లి పోలిక రాదు. ప్రతి ఏడూ కొనాలి. కొనుక్కున్న విత్తనంతో వేసిన పెరడు కూడా అంగడికి కట్టేసిన పెరడే. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇలాంటి మెట్ట నేలల్లోనే, బూడిదా వేపాకూ కలిపి విత్తనాలను ఇళ్ళల్లో దాచుకుంటూ వచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థను వెతుక్కుంటూ వచ్చింది. చదువుకున్న వ్యవసాయం పక్కన పెట్టిన పనికి దక్కిన గౌరవమది.

విత్తనం అన్నప్పుడు నా మనసు ముందు నాటు చిక్కుడు మీదికే పోతుంది. అంత ఓపికైన తీగ ఇంకొకటి లేదు. ఆషాఢంలో రెండు గింజలు పాతితే శ్రావణం, భాద్రపదం అంతా ఆకే. పందిరి నిండిపోతుంది, డాబా ఎక్కుతుంది, ఒక్క పువ్వూ ఉండదు. తెలియనివాళ్ళు విసిగి పీకేస్తారు. దానికి పొద్దు కురచ కావాలి. పగలు తగ్గి రాత్రి పెరిగే దాకా అది పూయదు. కార్తీకం వచ్చాక ఒక్కసారిగా ఊదారంగు గెలలు ఆకుల పైకి లేస్తాయి. మంచుతో పాటే పేనుబంకా వస్తుంది. లేత గెల కాడ చుట్టూ నల్లగా, నూనె పూసినట్టు అంటుకుని కనిపిస్తుంది. పొద్దున్నే ఆకు తడిగా ఉన్నప్పుడు పొయ్యి బూడిద చల్లితే మంచుకు అంటుకుని నిలుస్తుంది, ఎండెక్కాక చల్లితే గాలికి రాలిపోతుంది. ఇక సంక్రాంతి దాకా కాతే కాత. వంకాయలో చిక్కుడు, టమాటాలో చిక్కుడు, ముదిరితే గింజలు ఒలిచి కూర. రథసప్తమి నాడు ఆ కాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, ఆ ఆకు మీదే పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపిస్తారు. పొద్దు లెక్క అంత బాగా తెలిసిన తీగను సూర్యుడి పండగకు ఎంచుకున్నది ఎవరో గానీ, వాళ్ళు పందిరి కింద చాలా కాలం కూర్చున్నవాళ్ళై ఉండాలి. మాఘం గడిచాక పందిరి మీదే ఎండిన కాయలు గాలికి గలగలమంటాయి. ఒకటి తుంచి చిట్లిస్తే మూడో నాలుగో గింజలు, ముదురు గోధుమరంగువి, ఒక్కో దాని అంచున దూది పోగు అంటినట్టు తెల్లటి గీత.