సీ భాషలో ఓనమాలు

సీ నేర్చుకునే ఎవరైనా మొదట రాసేది తెరమీద "హలో, వరల్డ్" అని చూపించే ప్రోగ్రామే. బ్రయాన్ కెర్నిహాన్, డెనిస్ రిచీ 1978లో రాసిన పుస్తకంతో అది ఆనవాయితీ అయింది. అంతకుముందు 1974లో బెల్ ల్యాబ్స్ కోసం కెర్నిహాన్ రాసిన సీ పాఠంలోనూ ఉంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో, టర్బో సీ నీలం తెర ముందు కూర్చుని నేనూ అదే కొట్టాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. టైపింగ్ ఎవరూ నేర్పలేదు. సార్ బోర్డు మీద రాసింది రాసినట్టు, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ దించాను. మెయిన్ పక్కన ఆ ఖాళీ బ్రాకెట్లెందుకని అడిగితే "తర్వాత తెలుస్తుందిలే, ముందు కొట్టు" అన్నారు. కంట్రోల్ ఎఫ్9, తర్వాత ఆల్ట్ ఎఫ్5 నొక్కితే నల్లతెర మీద ఆ రెండు మాటలు!

ఆ జవాబు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడనిపిస్తుంది, అది అక్షరాభ్యాసం లాంటిదని. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని రాయిస్తాం. అర్థం తెలియాలని కాదు, చెయ్యి కదలాలని. ఈ చిన్న ప్రోగ్రామూ అంతే. కొట్టింది ఫైల్లో దాచుకోవడం, కంపైలర్ దాన్ని యంత్రభాషలోకి మార్చడం, లింకర్ ప్రింట్‌ఎఫ్‌ని తెచ్చి కలపడం, నడిపితే ఫలితం కనిపించడం. ఆ దారంతా ఒకసారి నడిచి చూడటమే. రేపు వెయ్యి లైన్లు రాసినా దారి అదే.

పోయిన నెల ఇక్కడ డాలస్‌లో మా పదేళ్ల అమ్మాయి, బ్రౌజర్లో నడిచే కంపైలర్‌లో, అదే ప్రోగ్రాం రాసింది. తాతయ్యకి చూపించాలి కాబట్టి "హలో" బదులు తెలుగులో పెడతానంది. తనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. రెండేళ్ల కిందటే తెలుగు బడి మానేసింది. నేను కాగితం మీద రాసిచ్చిన "నమస్కారం" చూసుకుంటూ, కీబోర్డులో ఒక్కొక్కటీ వెతికి కొట్టింది.

తర్వాత ఆ మాట పొడవెంతో స్ట్రలెన్‌తో ప్రింట్ చేయించింది. 24 అని వచ్చింది.

"నాన్నా, నాలుగే కదా అక్షరాలు?"

స్ట్రలెన్ లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, బైట్లని. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. న ఒకటి, మ ఒకటి. "స్కా"లో స, పొల్లు, క, దీర్ఘం కలిపి నాలుగు. "రం"లో ర, సున్నా రెండు. మొత్తం ఎనిమిది, ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. "స్కా"ని విడదీసి మళ్లీ చూపించమంది. కాగితం మీద చూపించాను. తనూ రాసి చూసుకుంది.

తెలుగు చదవడం ఇంకా రాదు. ఆ నాలుగక్షరాలు మాత్రం ఎక్కడ కనపడినా పట్టేస్తోంది.