వజూవేళ కనిపించిన మచ్చలు

ఒక రంజాన్ సాయంత్రం ఆలూరులోని మా ఇంటి అరుగుపై నాన్నగారు వజూ చేసుకొనుచు పైజామా మడిచినప్పుడు, పిక్కలపై ఊదారంగు మచ్చలు కనిపించినవి. దెబ్బ తగిలిందా అంటే లేదన్నారు. పొరుగువారు దిష్టి అన్నారు. అమ్మ దువా చదివి ఊదింది.

హెపటైటిస్-బి వలన ఆయన కాలేయం ఏనాడో చెడింది. ఆదోని వైద్యుడు మచ్చను వేలితో నొక్కి చూచాడు, రంగు తగ్గలేదు. చర్మం క్రింద చిమ్మిన రక్తమది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను అధికభాగం కాలేయమే తయారుచేస్తుంది. అది గట్టిపడితే ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో నిలుపుకొంటుంది. మైక్రోలీటరు రక్తంలో కనీసం 1,50,000 ఉండవలసినవి తరిగిపోతాయి.

"మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు వైద్యుడు. మోకాళ్ల నొప్పులకు ఆస్పిరిన్. మిగిలిన ప్లేట్‌లెట్లను సైతం అది పనిచేయనీయదట. నాన్నగారు నావైపు చూడలేదు. అంగడిలో అడిగి ఆ మాత్రలు తెచ్చియిచ్చినవాణ్ణి నేనే. పదిమందికి పాఠం చెప్పే నేను ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. అవి మానిన తరువాత క్రొత్త మచ్చలు తగ్గినవి. కాలేయం మాత్రం బాగుపడలేదు.

1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ వ్యాధికి స్వదేశీ టీకాను విడుదల చేసింది. నాన్నగారికి అది ఆలస్యమైంది, మీకు కాలేదు. విద్యార్థి మిత్రులారా, పెద్దల దువాను కాదనకండి, రక్తపరీక్షనూ మానకండి.