బొమ్మరైలులో అక్కయ్యకొక సీటు



ఇంటిలో వేడుక తలపెట్టినపుడు ఎవరెవరు వస్తారో లెక్క వేసుకుంటాము. ఆ లెక్కలో ముందుగా కొట్టివేయబడేది డెబ్బై దాటినవారి పేరు. చాలాసార్లు ఆ పేరును వారే కొట్టివేసుకుంటారు. "నేను రాలేను, మీరు వెళ్ళిరండి" అంటారు. ఆ మాట వెనుక ఉన్న అసలు కారణాన్ని ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ కారణం గురించే.

విజయవాడ-గూడూరు ప్రధాన మార్గం మీద ఉన్న మా చీరాలలో రైలుకూత వినని పూట ఉండదు. మా మనుమడు తన ఐదవ పుట్టినరోజుకు కేకు వద్దు, రైలు కావాలన్నాడు. వాడుండేది హైదరాబాదు. అక్కడి నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పిల్లల కోసం బొమ్మరైలు నడుస్తుంది. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాలలో విస్తరించిన ఈ ఉద్యానం 1963లో ప్రజలకు తెరుచుకుంది. నడవలేనివారు కూడా ఆ రైలులో కూర్చుని కొంత భాగం చుట్టి రావచ్చు. కుటుంబమంతా అక్కడ కలుసుకుని "రైలు పండుగ" చేసుకోవాలని మూడు నెలల ముందే నిర్ణయించుకున్నాము.

మా అక్కయ్య రానన్నది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. గుంటమగ్గం మీద దశాబ్దాల పాటు కూర్చుని నేసిన మనిషి. "మోకాళ్ళు సహకరించడం లేదు" అన్నది. అందరూ నమ్మారు. నాకు మాత్రం సందేహం కలిగింది. అవే మోకాళ్ళతో ఆమె రోజూ కూరగాయల బజారుకు వెళ్ళివస్తుంది మరి.

ఆ సాయంత్రం ఎవరూ లేనపుడు పక్కన కూర్చుని అడిగాను. చాలాసేపు మౌనంగా ఉండి చెప్పింది. దగ్గినా తుమ్మినా మూత్రం జారుతున్నదట. మరుగుదొడ్డి దూరమైతే ఆపుకోలేకపోతున్నదట. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఉదయం నుండి నీళ్ళు ముట్టడం మానేసిందట. ఐదేళ్ళుగా ఇదే తంతు. తమ్ముడు వైద్యుడైనా చెప్పుకోలేకపోయింది.

మిత్రులారా, ఇది ఒక్క మా అక్కయ్య బాధ కాదు. కాన్పుల వలన, వయసు వలన కటి కండరాలు సడలిన స్త్రీలలో ఎందరికో ఈ ఇబ్బంది ఉంటుంది. నీళ్ళు మానడం దీనికి పరిష్కారం కాదు. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. మలబద్ధకం పెరిగి సమస్యను ముదురుస్తుంది. అసలే పెద్దవయసులో దాహం సరిగా తెలియదు. తల తిరిగి పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

మొదట మూత్రపరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించాము. తరువాత ఒక స్త్రీవైద్యురాలికి చూపించాము. ఆమె సలహాపై కటి కండరాల వ్యాయామం ఆరంభమైంది. మూత్రాన్ని ఆపుకునేటపుడు బిగించే కండరాలను గుర్తించి, ఐదు సెకన్లు బిగించి, అంతసేపూ వదలాలి. పూటకు పదిసార్ల చొప్పున రోజుకు మూడు పూటలు. మూత్రం పోసేటపుడు మాత్రం ఇలా చేయరాదు. ఫలితం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాఫీ తగ్గించింది. మోకాళ్ళకు బలం చేకూర్చడానికి కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి నిలిపే వ్యాయామం కూడా తోడైంది.

అనుకున్న రోజుకు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాము. మరుగుదొడ్డికి దగ్గరగా కింది బెర్తు, సంచిలో ప్యాడ్లు, మార్చుకోవడానికి ఒక చీర. జంతు ప్రదర్శనశాలలో అడుగుపెట్టగానే మా కోడలు చేసిన మొదటి పని మరుగుదొడ్లు ఎక్కడున్నాయో చూసి రావడం.

బొమ్మరైలు కదిలింది. మనుమడు పెద్దమ్మమ్మలా చూసుకునే మా అక్కయ్య పక్కనే కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మన ఊరి రైలుకు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లనీ, 1881 నుండి కొండలెక్కుతున్న డార్జిలింగ్ రైలుకు 610 మాత్రమేననీ నేను వివరిస్తుంటే, వాడికి అక్కయ్య వేస్తున్న రైలుకూతలే నచ్చాయి. దిగిన తరువాత ఆమె సీసా ఎత్తి సగం నీళ్ళు తాగింది. "ఒరేయ్ తమ్ముడూ, గడప దాటి వచ్చి ఇలా భయం లేకుండా మంచినీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో" అన్నది.

బొమ్మరైలు ఎక్కినంత మాత్రాన ఏ జబ్బూ నయం కాదు. అయితే, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తున్నదనీ, అది గుండెజబ్బు, పక్షవాతం వంటి ముప్పులను పెంచుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో హెచ్చరించింది. చెప్పుకోలేని చిన్న బాధ మనిషిని ఆ ఒంటరితనంలోకి నెట్టివేయగలదు.

కనుక మీ ఇంటి పెద్దలను ఏకాంతంలో, పేరు పెట్టి అడగండి: "మూత్రం ఆపుకోవడం కష్టమవుతున్నదా?" మూత్రంలో మంట, రక్తం, జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుని కలవండి. అకస్మాత్తుగా కాళ్ళ బలం తగ్గి మూత్రంపై పట్టు తప్పితే అది అత్యవసర పరిస్థితి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు నీటి పరిమాణం విషయంలో తమ వైద్యుని మాటనే పాటించాలి. మిగిలినవారికి, ప్రయాణమైనా సరే, దాహం వేసేవరకు ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్ళు అందిస్తూ ఉండండి.