సౌదీ అరేబియాలో ఒక అడవి

సౌదీ అరేబియా అనగానే మీ కళ్ల ముందు ఇసుక కనిపిస్తుంది కదా? ఆ దేశపు నైరుతి మూలన అసీర్ అనే కొండల ప్రాంతం ఉంది. ఆ కొండల మీద అడవి ఉంది. మా మేనకోడలు అక్కడి అబహా నగరంలో ఉద్యోగం చేస్తోంది. బడి సెలవుల్లో వెళ్లి ఆ అడవిని చూసి వచ్చాను.

ముందు పటం తీసి చూడండి. అబహా, మనలో చాలామంది పూర్వీకుల ఊళ్లున్న శ్రీకాకుళం ప్రాంతం, రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. భూమధ్యరేఖకు ఉత్తరంగా 18 డిగ్రీలు. మన మారిషస్ దక్షిణంగా 20 డిగ్రీలు. మూడూ ఉష్ణమండలమే, కానీ వానలో పోలిక లేదు. శ్రీకాకుళంలో ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటుతుంది. మన పీఠభూమిలో కొన్నిచోట్ల 4000 వరకు పడుతుంది. అసీర్ ఎత్తుల మీద సుమారు 300 నుంచి 500 మాత్రమే. రాజధాని రియాద్‌లో 100 చుట్టుపక్కల.

అంత తక్కువ వానతో అడవి ఎలా బతుకుతుంది? ఎర్ర సముద్రం మీది తేమగాలి తిహామా అనే తీరమైదానం దాటి వస్తుంది. అక్కడ సరవాత్ కొండలు గోడలా నిలబడి ఉంటాయి. గాలి పైకి లేచి, చల్లబడి, మేఘమవుతుంది. వసంతకాలంలో వానలు పడతాయి. జూలై, ఆగస్టు నెలల్లో నైరుతి రుతుపవనాల అంచు తగిలి కొన్ని జల్లులు పడతాయి. వాన లేని రోజుల్లో కూడా పొగమంచు వస్తుంది. పొగమంచు అంటే నేలకు దిగిన మేఘం అనుకోండి. జూనిపర్ చెట్ల సన్నని ఆకులూ, కొమ్మలకు గడ్డంలా వేలాడే లైకెన్లూ ఆ మంచును పట్టుకుంటాయి. అది చుక్కలు చుక్కలుగా వేళ్ల దగ్గరికి రాలుతుంది.

అల్ సౌదా శిఖరం ఎత్తు సుమారు 3000 మీటర్లు. అక్కడ శాలువా కప్పుకోవాలి. జూనిపర్లు ముదురు పచ్చగా ఉన్నాయి. అక్కడి నుంచి రిజాల్ అల్మా వైపు ఘాట్ రోడ్డు దిగాం. కారు నడిపిన తమ్ముడిది తెలంగాణలోని జగిత్యాల. కొంత దిగాక బండి ఆపి ఇలా అన్నాడు: "జూడుండ్రి మేడమ్, చెట్లు కిందికెళ్లి ఎండుకుంట వస్తున్నయ్."

గుళ్లో మనం నేర్చుకున్న తెలుగులో "కింది నుంచి" అంటాం. ఆయన మాటలో "కిందికెళ్లి". అడవి కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. దగ్గరలోని రైదా రక్షిత ప్రాంతంలో పరిశోధకులు 1990లలోనే ఇది గమనించారు. ఎత్తు తగ్గేకొద్దీ ఎండిన జూనిపర్లు ఎక్కువ. వేడి పెరిగి తేమ తగ్గితే మొదట దెబ్బ తినేది అడవి కింది అంచే. చెట్టు ఒక్కసారిగా చావదు. ముందు కొమ్మల చివర్లు ఎండుతాయి. వాన కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడినా లాభం తక్కువ. నీరు నేలలో ఇంకకుండా వాగుల్లోకి పోతుంది. పశువుల మేత, కట్టెల నరుకుడు, పాడుబడిన మెట్ల పొలాలు కూడా కారణాలే.

మరి అడవి పైకి జరగలేదా? కొంతవరకు జరగగలదు, గింజ పడి మొలక బతికితే. కానీ 3000 మీటర్ల పైన కొండే లేదు. ఈ అడవితో పాటు అసీర్ మాగ్పై అనే పక్షి గతి కూడా ఏమవుతుందో చూడాలి. అది ప్రపంచంలో ఈ నైరుతి కొండల్లో తప్ప ఎక్కడా లేదు. సౌదీ ప్రభుత్వం 2021లో 1000 కోట్ల చెట్లు నాటుతామని ప్రకటించింది. మంచి మాటే. అయితే వందల ఏళ్లు బతికే జూనిపర్‌కు తేమ అందే చోటు కావాలి.

మీరెప్పుడైనా అబహా వెళితే పెద్ద చెట్లకు ఫొటోలు తీసుకోండి. తర్వాత వాటి కింద వంగి, మొలకలున్నాయేమో చూడండి. మన బ్లాక్ రివర్ గోర్జెస్ వనంలో నల్లచేవ చెట్ల కింద కూడా అలాగే చూడండి. అక్కడ మొలకలకు చోటు లేకుండా చేసేది మనం ఇష్టంగా కోసుకు తినే చైనా జామ. పిల్లలతో వెళ్లి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెట్టించండి.