బిల్లు రాని నీటికి ధర కట్టడం

తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెన్నాగరంలో మా ఇంటి వెనక అయిదు సెంట్ల గడ్డి, దాని చుట్టూ మామిడి, సపోటా, కొబ్బరి, మల్లె పొదలు ఉన్నాయి. వాటిని తడపడానికి బోరు మోటారుకు కలిపిన తుంపర గొట్టాలు, మోటారును నడపడానికి గోడమీద గుండ్రటి పళ్ళ టైమరు ఉండేవి. ఆ టైమరు తీసేసి ఫోనుతో నడిచే స్మార్టు కంట్రోలరు పెట్టాలా వద్దా అన్న ప్రశ్నకు నేను మూడు రకాలుగా లెక్క వేశాను. మూడు జవాబులూ ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. పరికరం ఒకటే, తోట ఒకటే. మారింది నీటికి నేను కట్టిన ధర.

ముందు పాత టైమరు సంగతి. దాని చక్రాన్ని తిప్పే చిన్న మోటారు కరెంటు మీదే ఆధారపడుతుంది. కరెంటు పోతే చక్రం ఆగుతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే కదులుతుంది. నెలనెలా లైన్ల మరమ్మతుల కోసం పొద్దున ఆపిన కరెంటు మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఆ ఒక్క రోజుతోనే తెల్లవారుజామున అయిదింటికి పడాల్సిన తడి పది పదకొండు గంటలకు జరిగిపోతుంది. ఏప్రిల్ ఎండలో, గాలిలో పదకొండింటికి తుంపర కొడితే గడ్డి వేళ్ళకు చేరేది ఎంత? ఆపైన వర్షం పడుతున్నా అది నీళ్ళు కొడుతూనే ఉంటుంది. అమెరికాలో ఇళ్ళ బయట వాడే నీటిలో సగం దాకా గాలికి, ఆవిరికి, పారుడుకు పోతుందని ఆ దేశపు పర్యావరణ సంస్థ అంచనా. వానను, ఎండను బట్టి తడి మార్చుకునే కంట్రోలర్లకు ఆ సంస్థ 2011 నుంచి ‘వాటర్‌సెన్స్’ గుర్తింపు కూడా ఇస్తోంది. అక్కడ నగరపాలిక నీటికి మీటరుంటుంది, బిల్లు వస్తుంది. నీళ్ళు తగ్గితే బిల్లు తగ్గుతుంది, పెట్టుబడి ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో తేలిగ్గా తేలిపోతుంది.

మన బోరు నీటికి బిల్లు ఎవరూ పంపరు. అందుకే నా మొదటి లెక్క కరెంటుతో మొదలైంది.

సామానుకు, కూలికి కలిపి అయ్యే ఖర్చు 26,000 రూపాయలు. కంట్రోలరు 9,500. తోటను మూడు భాగాలు చేసి తడపడానికి మూడు కరెంటు వాల్వులు 5,400. వాన సెన్సారు, నీటి మీటరు 4,600. కాంటాక్టరు, బోరులో నీళ్ళు తగ్గితే మోటారును ఆపే రక్షణ పరికరం, తీగలు 4,000. పనివాళ్ళకు 2,500. ఒకటిన్నర హార్స్‌పవరు మోటారు గంటకు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. రోజుకు గంట నడిచేది అరగంటకు తగ్గితే రెండు నెలల బిల్లులో 45 యూనిట్లు మిగులుతాయి. తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకోసారి రీడింగు తీస్తారు. మొదటి 100 యూనిట్లు 2016 నుంచి ఉచితం. 500 దాటినవాళ్ళకు పై యూనిట్ల రేటు పెరగడమే కాదు, కింది యూనిట్లలో దొరికే రాయితీ కూడా కొంత పోతుంది. మా ఇల్లు ఆ గీతకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి యూనిట్‌కు 8 రూపాయలు అనుకున్నాను. ఏడాదికి 2,160 రూపాయల ఆదా. 26,000 తిరిగి రావడానికి పన్నెండేళ్ళు. మా ఊరి ఉరుములకు, ఓల్టేజీ ఎగుడుదిగుళ్ళకు పన్నెండేళ్ళు నిలిచే ఎలక్ట్రానిక్ సామాను ఉంటుందని నేను నమ్మను. ఈ లెక్క ప్రకారం కొనకూడదు.

రెండో లెక్క ట్యాంకరుది. వేసవిలో బోరు చేతులెత్తేసిన ఇళ్ళకు మా వీధిలో నీళ్ళు వెయ్యి లీటర్లు 100 రూపాయల లెక్కన పడుతున్నాయి. మా మోటారు గంటకు 1,500 లీటర్లు పోస్తుంది. అంటే టైమరు ఏడాది పొడవునా, వానలోనూ ఎండలోనూ, రోజుకు 150 రూపాయల నీళ్ళు గడ్డిమీద చల్లుతోందన్నమాట. గడ్డికి నిజంగా కావలసింది అంత లేదు. అయిదు సెంట్లు అంటే సుమారు 200 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు ఒక లీటరు. నడివేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఇచ్చినా వెయ్యి లీటర్లు చాలు. కార్తీకంలో మూడు మిల్లీమీటర్లే ఎక్కువ. వాన రోజుల్లో ఏమీ అక్కర్లేదు. ఏడాది సగటు 700 లీటర్లు వేసుకుంటే రోజుకు 800 లీటర్లు మిగులు. ఏడాదికి 2,92,000 లీటర్లు, ట్యాంకరు ధరకు 29,200 రూపాయలు. ఈ లెక్కలో పెట్టుబడి ఏడాది తిరక్కముందే చేతికొస్తుంది.

పన్నెండేళ్ళు నిజమా, ఏడాదా? రెండూ కాదనిపించి మూడో లెక్క వేశాను. ఇది బోరు లెక్క.

ధర్మపురి నేల గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి. దేశమంతా బోర్లు వేసే లారీలకు పేరుపడ్డ తిరుచెంగోడు మాకు దూరమేమీ కాదు, కానీ దగ్గరున్నంత మాత్రాన అడుగు ధర తగ్గదు. ఎనిమిది వందల అడుగుల కొత్త బోరు, పై కేసింగు, గొట్టాలు, పెద్ద మోటారు అంతా కలిపి లక్షన్నర అవుతుందని అనుకుందాం. ఉన్న బోరు ఇంకో ఏడాది పనిచేస్తే ఆ లక్షన్నర ఏడాదిపాటు నా దగ్గరే ఉంటుంది. ఏడు శాతం వడ్డీ లెక్కన అది 10,500 రూపాయలు. ఇలా చూస్తే పెట్టుబడి రెండున్నరేళ్ళలో తిరిగొస్తుంది. నాకు న్యాయంగా తోచింది ఇదే, అందుకే కొన్నాను.

అయినా ఇందులో ఒక మినహాయింపు ఉంది. నేను తోడకుండా వదిలిన నీళ్ళు నా పేర కట్టిన డిపాజిట్టు కావు. రాతి పగుళ్ళు హద్దురాళ్ళు చూసి ఆగవు, పక్క బోరుకూ వెళ్తాయి. వీధంతా తోడుతుంటే నా ఒక్కడి పొదుపు నా బోరును ఎంతకాలం నిలబెడుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ 10,500ను సగానికి తగ్గించి చూసుకోమని ఎవరికైనా చెబుతాను. సగానికి తగ్గించినా అయిదేళ్ళలో తేలుతుంది. పరికరం ఆమాత్రం నిలవాలి.

లోతుకు పోవడంలో డబ్బుతో తీరని నష్టం ఇంకోటుంది. మా జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ పాత శాపం, లోతుకు పోతే అది పెరిగే భయమూ ఉంది. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న ముఖాలు చూస్తూ పెరిగిన తరాలివి. అందుకే జపాన్ రుణంతో, 1,900 కోట్ల పైచిలుకు ఖర్చుతో హొగెనక్కల్ దగ్గరి కావేరి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్ళకు తెచ్చారు. 2008లో శంకుస్థాపన జరిగిన ఆ పథకం 2013లో ప్రారంభమైంది. అది తాగే నీరు. బోరు తగ్గిన రోజున ఆ కుళాయికి గొట్టం తగిలించి గడ్డి తడిపేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ నీటి ధర మనం కట్టే బిల్లులో లేదు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఇంటర్‌నెట్ పోయినా కంట్రోలరు తన సమయాన్ని తనే గుర్తుంచుకుని నడవాలి. ఫోన్ యాప్‌కు ఏటా చందా ఉందేమో ముందే అడగాలి. నెలకు 150 రూపాయల చందా ఉంటే నా కరెంటు ఆదాలో చాలా భాగం దానికే పోయేది. స్మార్టు స్విచ్చును మోటారుకు సూటిగా కలపకూడదు. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు దాని లోపలి రిలే అతుక్కుపోతుంది. మధ్యలో కాంటాక్టరు ఉండాలి. బోరు ఎండితే మోటారును ఆపే పరికరం లేకుండా మనిషి లేని చోట మోటారు నడపడం కాయిలు కాల్చుకోవడమే. వాతావరణ సూచనను నమ్మి తడి ఆపే సదుపాయాన్ని మాత్రం నేను వాడటం లేదు. మా వేసవి వాన దగ్గర్లోని పాప్పారపట్టిలో కుండపోతగా కురిసి పెన్నాగరంలో చుక్క రాలకుండా పోతుంది. పిట్టగోడ మీది వాన సెన్సారు మా పెరట్లో పడిన వానను మాత్రమే కొలుస్తుంది. అదే కావాలి.

ఇంత లెక్క వేశాక కూడా, అసలు ఆదా తెచ్చింది కంట్రోలరులోని తెలివి కాదు, దానితో వచ్చిన నీటి మీటరు. రోజూ అంకె కనబడుతుంటే, ఆ అంకె పక్కన ట్యాంకరు ధర రాస్తుంటే, అయిదు సెంట్ల గడ్డి మాకెందుకన్న ప్రశ్న ఇంట్లో మొదలైంది. “పిల్లలు ఆడుకునేంత ఉంచి మిగతాదాంట్లో కనకాంబరాలు, కూరగాయలు పెట్టుకుందామండీ” అంది నా భార్య. గడ్డిని రెండు సెంట్లకు కుదించాం. మిగతా చోట చెట్లకు, మొక్కలకు డ్రిప్పు వేశాం. ఇప్పుడు మొత్తం వాడకం సగటున రోజుకు 400 లీటర్లు. ముందు ఈ కుదింపు చేసుకుని ఉన్నవాళ్ళకు, అంటే నాలుగు చెట్లూ పది కుండీలూ ఉన్న ఇళ్ళకు, 26,000 ఖర్చు అక్కర్లేదు. కరెంటు పోయినా సమయం తప్పని బ్యాటరీ టైమరు పదిహేను వందల్లో దొరుకుతుంది. అది చాలు.

మా చిన్నాయనకు ఊరి బయట రెండెకరాల మామిడి తోట ఉంది. సేద్యం కరెంటు మూడు దశాబ్దాలకు పైగా ఇక్కడ ఉచితం. కరెంటు రాగానే మోటారును తానే వేసుకునే ఆటో స్టార్టరు ప్రతి తోటలోనూ ఉంటుంది. “కరెంటు ఊరికే వస్తుంటే మిషను కొనేదెందుకురా?” అన్నాడు. ఆయన మాట కరెంటు వరకు నిజమే. అందుకే ఆయనతో కరెంటు ఊసెత్తకుండా బోరు లెక్క ఒక్కటే మాట్లాడాను. చిన్న, సన్నకారు రైతులకు తమిళనాడులో డ్రిప్పుకు నూటికి నూరు శాతం సబ్సిడీ ఉంది, మిగతావాళ్ళకు 75 శాతం. ముందు ఆ డ్రిప్పు వేయించుకుని, తర్వాత ఫోనుతో ఆపే స్టార్టరు సంగతి చూద్దామని ఒప్పించాను. గొట్టాలు సరిగా లేని తోటకు ఎంత తెలివైన స్విచ్చు పెట్టినా నీళ్ళు వృథాగానే పోతాయి.

నీటికి బిల్లు నేనే వేసుకుంటున్నాను. రోజుకు 400 లీటర్లంటే నెలకు 12,000 లీటర్లు, ట్యాంకరు ధరకు 1,200 రూపాయలు. ఆ మొత్తాన్ని నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్టులో కడుతున్నాను. 6.7 శాతం వడ్డీతో అయిదేళ్ళకు 85,000 పైచిలుకు వస్తుంది. కొత్త బోరు తప్పనిసరైతే సగానికి పైగా డబ్బు సిద్ధంగా ఉంటుంది, అప్పు చేయాల్సింది సగం కూడా ఉండదు. బోరు ఇంకా నిలిస్తే ఆ డబ్బు మాదే.

ఇక మిగిలిన పని ఇంకుడు గుంత. 2003లోనే ఈ రాష్ట్రంలో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. మా ఇంటికీ గొట్టం ఉంది, కానీ అది వీధి కాలువ దగ్గరి గుంతలోకి పోతుంది. దాన్ని ఇసుక, కంకర వడపోత మీదుగా బోరు పక్కకు మళ్ళించాలి. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఏడాదికి 850 మిల్లీమీటర్ల వాన పడితే, పోయింది పోగా 60 వేల లీటర్లకు పైగా దిగుతుంది. రెండు సెంట్ల గడ్డి ఏడాదంతా తాగే దానిలో సగానికి మించిన నీళ్ళవి. సెప్టెంబరు వానలు మొదలయ్యేలోపు గుంత తవ్వించాలని మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చాను.